రొమేనియా కింది లీగ్‌ల ఫుట్‌బాల్ క్లబ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రొమేనియా ఫుట్‌బాల్ అనగానే మనకి స్టార్ ఆటగాడు హాజీ గుర్తొస్తాడు, 1986లో యూరోపియన్ కప్ గెలిచిన బుకారెస్ట్ క్లబ్ స్తెయావా గుర్తొస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం ఆ కప్పుల కన్నా బొగ్గు గనుల ఊళ్లలో, ఉక్కు కర్మాగారాల పక్కన పుట్టిన చిన్న క్లబ్‌ల మీదే మనసు పోతుంది. వాటిలో కొన్ని ఒకప్పుడు దేశ చాంపియన్లు. ఇవాళ మూడో అంచెలోనో నాలుగో అంచెలోనో ఆడుతున్నాయి. కొన్ని చనిపోయి మళ్లీ పుట్టాయి. వాటి గురించి నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

లిగా 1, 2, 3, 4 అంటున్నారు. ఈ మెట్లు ఎలా ఉంటాయి?

అన్నిటికన్నా పైన లిగా 1, ఇప్పుడు దాన్ని సూపర్‌లిగా అంటున్నారు. దాని కింద దేశమంతటికీ ఒకటే లిగా 2. ఆ కింద లిగా 3. దూర ప్రయాణాల ఖర్చు భరించలేరు కాబట్టి ఈ మెట్టు నుంచి జట్లని ప్రాంతాల వారీగా గుంపులు చేస్తారు. లిగా 4 పూర్తిగా జిల్లా వ్యవహారం. రొమేనియాలో 41 జిల్లాలున్నాయి, రాజధాని బుకారెస్ట్ విడిగా ఉంటుంది. ప్రతిదానికీ సొంత లిగా 4 ఉంటుంది. కొన్ని జిల్లాల్లో దాని కింద లిగా 5, లిగా 6 కూడా నడుస్తాయి.

పాత పుస్తకాల్లో డివిజియా ఏ, డివిజియా బి అని కనిపిస్తే కంగారు పడొద్దు, అవే ఇవి. ట్రేడ్‌మార్క్ చిక్కు వల్ల 2006లో పేర్లు మార్చారు.

జిల్లా చాంపియన్ అయినంత మాత్రాన లిగా 3కి వెళ్లిపోరు. మరో జిల్లా చాంపియన్‌తో ఇంటా బయటా రెండు మ్యాచ్‌లు ఆడి గెలవాలి. దీన్ని బరాజ్ అంటారు. ఏడాది పొడవునా అందరినీ ఓడించిన జట్టు ఆ రెండు మ్యాచ్‌ల్లో తడబడితే మళ్లీ అదే జిల్లాలో, అవే ఊళ్లతో ఇంకో ఏడాది ఆడాలి. చిన్న క్లబ్ అభిమానికి ఇంతకన్నా పెద్ద టెన్షన్ లేదు.

ఈ క్లబ్‌ల పేర్లన్నీ ఫ్యాక్టరీ బోర్డుల్లా ఎందుకుంటాయి?

చాలావరకు అవి ఫ్యాక్టరీ జట్లే కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక క్లబ్‌లని కర్మాగారాలకి, కార్మిక సంఘాలకి, ప్రభుత్వ శాఖలకి కట్టేశారు. ఆటగాడి పేరు ఫ్యాక్టరీ జాబితాలో ఉండేది, జీతం అక్కడి నుంచే వచ్చేది.

అందుకే పేరు చదివితే ఊరి బతుకు తెలిసిపోతుంది. మినెరుల్ అంటే గని కార్మికుడు. మెతాలుల్ అంటే లోహం. ఒత్సెలుల్ అంటే ఉక్కు, పెత్రోలుల్ అంటే చమురు, కిమియా అంటే రసాయన శాస్త్రం. బ్రషోవ్‌లో ట్రాక్టర్లు చేసే ఫ్యాక్టరీ జట్టు పేరు త్రాక్తోరుల్. అదే ఊళ్లో లారీలు చేసే ఫ్యాక్టరీ జట్టు పేరు స్తెయాగుల్ రోషు, అంటే ఎర్రజెండా. సి.ఎఫ్.ఆర్. అని కనిపిస్తే అది రైల్వే జట్టు, ఆ మూడక్షరాలూ రొమేనియా రైల్వే సంస్థవి. పల్లెటూరి జట్లలో రెకోల్తా అనే పేరు తరచుగా తగులుతుంది, అంటే పంటకోత. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు అదే.

మరో రకం పేర్లున్నాయి: ఉనిరియా అంటే ఐక్యత, వియితోరుల్ అంటే భవిష్యత్తు, ప్రొగ్రెసుల్ అంటే ప్రగతి. ఇవి ప్రతి జిల్లాలోనూ ఉంటాయి కాబట్టి ఉనిరియా గెలిచింది అని వింటే ఏ ఊరి ఉనిరియా అని అడగాల్సిందే.

పేరు ముందు ఏ.సి.ఎస్., సి.ఎస్.ఎం., ఏ.ఎఫ్.సి. అని ఉంటాయి. అవేంటి?

క్లబ్‌ని ఎవరు నడుపుతున్నారో చెప్పే గుర్తులు. సి.ఎస్.ఎం. అంటే నగర పాలక సంస్థ నడిపే క్లబ్. సి.ఎస్.ఓ. అంటే చిన్న పట్టణానిది. ఏ.సి.ఎస్., ఏ.ఎఫ్.సి. అని ఉంటే సంఘంగా నమోదైన క్లబ్. ఫ్యాక్టరీలు మూతపడ్డాక చాలా క్లబ్‌లకి మిగిలిన ఏకైక దిక్కు ప్రిమారియా, అంటే మేయర్ కార్యాలయం. మేయర్‌కి ఆట మీద ఇష్టం ఉంటే జట్టు నడుస్తుంది. ఎన్నికల్లో ఆయన పోతే బడ్జెట్ పోతుంది, జట్టు చిక్కిపోతుంది. ఒక క్లబ్ ఉన్నట్టుండి ఎందుకు కూలిందని వెతికితే చాలాసార్లు కారణం మైదానంలో దొరకదు.

ఒకే పేరుతో రెండు క్లబ్‌లు ఎలా ఉంటాయి? ఏది అసలుది?

అందరికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది. ఒక క్లబ్ దివాలా తీస్తుంది. దాని పేరు, రంగులు, గుర్తు, పాత ట్రోఫీల లెక్క ఎవరివన్నది కోర్టుకి వెళ్తుంది. ఈలోగా ఇంకెవరో అదే పేరుతో కొత్త జట్టు పెడతారు. క్రయోవాలో ఉనివెర్సితాత్యా పేరు మీద రెండు క్లబ్‌లు నడిచాయి, రెండూ 1948 నుంచి చరిత్ర తమదే అన్నాయి. బుకారెస్ట్‌లో స్తెయావా పేరు కోసం సైన్యానికీ ఒక ప్రైవేటు యజమానికీ ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. ఆ ప్రైవేటు యజమాని క్లబ్ ఇప్పుడు ఎఫ్.సి.ఎస్.బి. అనే పేరుతో ఆడుతోంది. సైన్యం 2017లో తన సొంత స్తెయావాని మళ్లీ నాలుగో అంచె నుంచి మొదలుపెట్టింది.

నా అభిప్రాయం అడిగితే, కాగితాలు కోర్టుకి ముఖ్యం. క్లబ్ మాత్రం శనివారం పొద్దున గేటు దగ్గర టికెట్ కొనుక్కుని వచ్చే మనుషులది. ఎటు ఎక్కువమంది నడిచి వెళ్లారో చూస్తే జవాబు చాలావరకు దొరుకుతుంది. తిమిష్వారా ఊరి కథ చదివాక నాకు ఈ నమ్మకం కుదిరింది.

తిమిష్వారాలో అంత ప్రత్యేకంగా ఏం జరిగింది?

ఈ ఊళ్లో క్లబ్‌లు మూడుసార్లు చచ్చి పుట్టాయి.

మొదట చినేజుల్. 1910లో పెట్టారు. 15వ శతాబ్దపు సేనాని పావెల్ చినేజుల్ పేరు పెట్టుకున్నారు. ఈ జట్టు 1922 నుంచి 1927 దాకా వరుసగా 6 సార్లు దేశ చాంపియన్. తర్వాత 70 ఏళ్ల పాటు ఆ లెక్కని ఎవరూ అందుకోలేదు. 1998లో స్తెయావా సమం చేసింది, దాటలేదు. అంతటి జట్టు డబ్బు కష్టాల్లో కూరుకుపోయి చెదిరిపోయింది.

అప్పుడు చినేజుల్ మాజీ అధ్యక్షుడు కోర్నెల్ లజార్ 1928లో రిపెన్సియా అనే కొత్త క్లబ్ పెట్టాడు. ఈ ప్రాంతంతో ముడిపడిన పాత రోమన్ రాష్ట్రం దాచియా రిపెన్సిస్ నుంచి తీసుకున్న పేరది. రొమేనియాలో ఆటగాళ్లకి బహిరంగంగా జీతాలిచ్చిన మొదటి క్లబ్ ఇదే. 4 సార్లు చాంపియన్ అయింది. 1934లో మొట్టమొదటి రొమేనియా కప్‌ని (అన్ని అంచెల జట్లూ కలిసి ఆడే పోటీ) గెలిచింది. 1938లో మధ్య యూరప్ క్లబ్‌ల పోటీ మిత్రోపా కప్‌లో ఇటలీ జట్టు మిలాన్‌ని సొంత ఊళ్లో 3-0తో కొట్టి, అక్కడ 1-3తో ఓడినా మొత్తం మీద ముందుకెళ్లింది. కమ్యూనిస్టులు వచ్చాక ప్రైవేటు క్లబ్‌కి చోటు లేకపోయింది, 1948లో మూతపడింది.

64 ఏళ్ల తర్వాత, 2012లో, ఆ పేరుని కొందరు మళ్లీ పైకి తీశారు. ఎక్కడి నుంచి? జిల్లా లీగ్‌ల అడుగు నుంచి. 4 సార్లు దేశాన్ని గెలిచిన పేరు చొక్కా మీద వేసుకుని పల్లెటూరి మైదానాల్లో ఆడారు. అయిదేళ్లలో, 2017కల్లా లిగా 2కి చేరారు.

మూడోది పోలితెహ్నికా. 2011లో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచి కూడా లైసెన్స్ దొరక్క కింది అంచెకి పంపారు. ఏడాదికి ఆ క్లబ్ మాయమైంది. పక్క ఊరు రెకాష్ జట్టుని తిమిష్వారాకి తెచ్చి పోలి అని పేరు పెట్టారు. అధికారికంగా అదే వారసురాలు అన్నారు. అభిమానులు ఒప్పుకోలేదు. యూనివర్సిటీ విద్యార్థుల చిన్న జట్టు ఒకటుంటే దాని వెంట నడిచారు. పై లీగ్‌లో ఆడే పోలిని వదిలి, కింద ఆడే విద్యార్థుల జట్టుకి వేలమంది వెళ్లారు. ఆ తెచ్చిపెట్టిన పోలి 2021లో మూతపడింది.

ఒకే క్లబ్ రెండు దేశాల చాంపియన్ అయిందంటారు. నిజమేనా?

నిజమే. ఒరాద్యా ఊరి క్లబ్ అతలెతిక్ ఒరాద్యా, 1910లో పుట్టింది. 1940లో ఉత్తర ట్రాన్సిల్వేనియా హంగరీ చేతికి పోయింది. ఊరు ఉన్నచోటే ఉంది, సరిహద్దు మాత్రం జరిగింది. అప్పుడు ఈ జట్టు హంగరీ లీగ్‌లో ఆడి 1944లో చాంపియన్ అయింది. యుద్ధం తర్వాత ఊరు మళ్లీ రొమేనియాలోకి వచ్చింది, 1949లో అదే క్లబ్ రొమేనియా చాంపియన్ అయింది. 1960లలో మూతపడ్డ ఈ క్లబ్‌ని 2017లో తిరిగి మొదలుపెట్టారు.

కింది డివిజన్ జట్టు పెద్ద కప్పు గెలవడం ఎప్పుడైనా జరిగిందా?

చాలాసార్లు జరిగింది, ఈ దేశం మీద నాకు ప్రేమ పుట్టడానికి అదొక కారణం. రొమేనియా కప్‌లో కింది అంచెల జట్లు పెద్దవాళ్లని పడగొట్టిన కథలు తరతరాలుగా ఉన్నాయి.

1954లో రెషిత్సా ఊరి మెతాలుల్ ఫైనల్లో దినామో బుకారెస్ట్‌ని 2-0తో ఓడించింది. రెషిత్సాలో ఇనుము కరిగించడం 1771 నుంచి ఉంది. ఊరి క్లబ్ 1931లో దేశ చాంపియన్ కూడా. 1930లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్‌లో పెరూ మీద తొలి నిమిషంలోనే గోల్ కొట్టిన అదాల్బెర్త్ దేషు ఈ ఊరి వాడే, ఈ క్లబ్ ఆటగాడే.

1961లో తుర్దా ఊరి అరియెషుల్ రెండో డివిజన్ నుంచి వచ్చి ఫైనల్లో రాపిద్ బుకారెస్ట్‌ని 2-1తో ఓడించింది. గాజు, సిమెంటు తయారయ్యే చిన్న ఊరు. క్లబ్‌కి పేరిచ్చింది ఊరి పక్కన పారే అరియెష్ నది. 1973లో రిమ్నికు విల్చా ఊరి రసాయన ఫ్యాక్టరీ జట్టు కిమియా, ఫైనల్ 1-1 కావడంతో మళ్లీ ఆడి 3-0తో కప్పు ఎత్తింది. ఆ శరదృతువులో యూరప్ పోటీలో ఉత్తర ఐర్లండ్ జట్టు గ్లెంటోరన్ చేతిలో ఆగిపోయింది.

ఇవన్నీ పాత సంగతులే, ఇప్పుడు డబ్బున్న క్లబ్‌ల రోజుల్లో అలాంటివి జరగవు అని నాలాంటి వాళ్లం అనుకుంటుండగా హునెద్వారా వచ్చింది.

హునెద్వారా కథ ఏంటి?

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి.

హునెద్వారా ఉక్కు ఊరు. ఒకవైపు 15వ శతాబ్దపు కోర్విన్ కోట, ఇంకోవైపు కొలిమిల చిమ్నీలు. 1921లో పుట్టిన క్లబ్ పేరు కోర్వినుల్, కోట కట్టించిన వంశం పేరే. 1970ల చివర మిర్చా లుచెస్కు ఇక్కడికి ఆటగాడిగా వచ్చి, తర్వాత కోచ్ అయ్యాడు. చేతికి దొరికినవాళ్లు కుర్రాళ్లు. మిర్చా రెద్నిక్, ఇయోన్ అందోనే, మిఖాయెల్ క్లైన్, ఆ తర్వాత దోరిన్ మాతెవుత్స్. రాజధాని క్లబ్‌లు పట్టించుకోని వయసులో వాళ్లని నమ్మి ఆడించాడు. రెండో డివిజన్‌కి పడిన జట్టు లేచి, 1982లో యూరప్ క్లబ్‌ల పోటీ యూఎఫా కప్‌లో ఆడింది, ఆస్ట్రియా జట్టు గ్రాత్స్‌ని దాటి, సరయెవో దగ్గర ఆగింది. ఆ కుర్రాళ్లలో చాలామంది జాతీయ జట్టుకి ఏళ్ల తరబడి ఆడారు.

క్లైన్ గురించి విడిగా చెప్పాలి. జాతీయ జట్టుకి 89 మ్యాచ్‌లు ఆడాడు. 1990లో జర్మనీ వెళ్లి ఊర్డింగెన్ క్లబ్‌లో చేరాడు. 1993 ఫిబ్రవరిలో ప్రాక్టీసు చేస్తూ గుండె ఆగి చనిపోయాడు, వయసు 33. హునెద్వారా స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

1990ల తర్వాత ఉక్కు కర్మాగారం కుంచించుకుపోయింది. వేల ఉద్యోగాలు పోయాయి, కుర్రాళ్లు పని కోసం ఇటలీకి, స్పెయిన్‌కి వెళ్లారు. క్లబ్ 2004లో మూతపడింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఊరి ఫుట్‌బాల్ కింది అంచెల్లో, రకరకాల పేర్లతో నడిచింది. నెమ్మదిగా పాత పేరు వెనక్కి వచ్చింది, జట్టు లిగా 2కి ఎక్కింది.

2024 మే 15. సీబియు నగరంలో రొమేనియా కప్ ఫైనల్. ఒకవైపు లిగా 2 జట్టు కోర్వినుల్, ఇంకోవైపు గలాత్స్ ఊరి ఒత్సెలుల్. ఒత్సెలుల్ అంటే ఉక్కు అని పైన చెప్పాను. రెండూ ఉక్కు ఊళ్లే, రెండూ మూతపడి మళ్లీ లేచిన క్లబ్‌లే. ఆట 2-2. అదనపు సమయం అయిపోయింది, పెనాల్టీలు. కోర్వినుల్ 3-2తో గెలిచింది. 103 ఏళ్ల చరిత్రలో ఆ క్లబ్‌కి ఇదే మొదటి రొమేనియా కప్. జట్టులో క్లైన్ ఉన్నప్పుడు రాలేదు, లుచెస్కు ఉన్నప్పుడు రాలేదు, రెండో డివిజన్‌లో ఉండగా వచ్చింది. ఆ వేసవిలో ఆ చిన్న క్లబ్ యూరోపా లీగ్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడింది.

బొగ్గు గనుల ఊళ్ల జట్ల సంగతేంటి?

జియు లోయ అనే బొగ్గు ప్రాంతం ఉంది. పెత్రోషాని, లుపెని లాంటి ఊళ్లు. 1919లో పుట్టిన జియుల్ పెత్రోషాని, 1920లో పుట్టిన మినెరుల్ లుపెని ఇక్కడివే. 1974లో జియుల్ కప్ ఫైనల్లో పోలితెహ్నికా తిమిష్వారాని 4-2తో ఓడించింది. మూడేళ్లకి, 1977 ఆగస్టులో, ఇదే లోయలో లుపెని గని కార్మికులు నియంత చౌసెస్కు ప్రభుత్వాన్ని నిలదీస్తూ సమ్మె చేశారు. ఆ రోజుల్లో అలా ఎదురు నిలబడటం మామూలు విషయం కాదు.

1997 నుంచి గనులు వరసగా తగ్గించేశారు. పని పోయినవాళ్లకి కొంత డబ్బిచ్చి పంపారు. జియుల్ 2005లో మళ్లీ పై లీగ్‌కి ఎక్కి రెండు సీజన్లు ఆడి దిగిపోయింది. అక్కణ్ణుంచి కిందికే.

18-0 మ్యాచ్ నిజంగా జరిగిందా?

జరిగింది. స్కోర్నిచెష్తి అనే ఊరుంది, నియంత నికొలాయె చౌసెస్కు 1918లో పుట్టిన ఊరు. 1970లలో అక్కడ పెట్టిన జట్టు వేగంగా మెట్లెక్కింది. 1978లో మూడో డివిజన్ చివరి రోజున ఈ జట్టుకీ మోరెని ఊరి ఫ్లకరాకీ పాయింట్లు సమానం. పైకెళ్లేది గోల్స్ తేడా మీద తేలాలి. స్కోర్నిచెష్తి ఆ రోజు స్లాతినా జట్టు ఎలెక్త్రోదుల్‌ని 18-0తో ఓడించి పైకెళ్లింది. మరో ఏడాదికి అన్నిటికన్నా పై డివిజన్‌లో ఉంది. పదేళ్లు అక్కడే ఆడింది. దాన్ పెత్రెస్కు, దోరినెల్ ముంతెయాను లాంటి మంచి ఆటగాళ్లు కుర్రతనంలో అక్కడ ఆడారు. వాళ్ల ఆటలో తప్పేమీ లేదు.

1989 డిసెంబరులో చౌసెస్కు కూలిపోయాడు. కొన్ని వారాలకే, సీజన్ మధ్యలో, స్కోర్నిచెష్తి జట్టునీ, పోలీసు శాఖ అండతో నడిచిన విక్తోరియా బుకారెస్ట్‌నీ లీగ్ నుంచి తీసేశారు.

ఆ రోజు మోసపోయిన మోరెని సంగతి ఎవరూ అడగరు. మోరెని చమురు ఊరు. 1929లో అక్కడ ఒక చమురు బావి అంటుకుని రెండేళ్లకి పైగా ఆరకుండా మండింది. ఫ్లకరా అంటే మంట. 18-0 తర్వాత ఆ క్లబ్ ఆట మానలేదు. పై డివిజన్‌కి చేరింది, 1989లో 4వ స్థానం తెచ్చుకుని యూఎఫా కప్‌లో పోర్చుగల్ జట్టు పోర్తోతో ఆడింది. ఓడింది, 0-2, 1-2. ఆ సీజన్‌లోనే కింది డివిజన్‌కి పడిపోయింది. అయినా ఈ రెండు క్లబ్‌లలో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను మోరెనినే ఎంచుకుంటాను.

ఉర్జిచెని చాంపియన్స్ లీగ్ ఆడిందా? ఇప్పుడు ఎక్కడుంది?

ఆడింది. 20 వేలమంది కూడా లేని పట్టణం. దాన్ పెత్రెస్కు కోచ్‌గా 2009లో దేశ చాంపియన్. ఆ అక్టోబరులో గ్లాస్గోలో రేంజర్స్ మైదానంలో మొదట గోల్ ఇచ్చుకుని కూడా 4-1తో గెలిచారు. గ్రూప్‌లో 8 పాయింట్లు తెచ్చుకున్నారు. ఆ ఇంటి మ్యాచ్‌లు కూడా సొంత ఊళ్లో జరగలేదు, బుకారెస్ట్‌లో జరిగాయి.

కోచ్ వెళ్లిపోయాడు, ఆటగాళ్లని అమ్మేశారు, 2011లో లీగ్ నుంచి పడిపోయి క్లబ్ మూతపడింది. టైటిల్ గెలిచి రెండేళ్లే. ఒక్క యజమాని మీద నిలబడ్డ క్లబ్‌కి ఊరు ఎంత ప్రేమ చూపించినా కింద పునాది ఉండదు. తర్వాత అదే పేరుతో ఒక కొత్త క్లబ్ జిల్లా లీగ్‌లో మొదలైంది.

అభిమానులే క్లబ్ పెట్టడం ఎలా సాధ్యం?

బ్రషోవ్ చూడండి. లారీ ఫ్యాక్టరీ జట్టు స్తెయాగుల్ రోషు తర్వాత ఎఫ్.సి. బ్రషోవ్ అయింది. ఎర్ర రంగు పోయినా, పేరు మారినా, అభిమానులు దాన్ని స్తెయాగు అనే పిలిచారు. 2017లో క్లబ్ మూతపడగానే వాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు ఎస్.ఆర్. బ్రషోవ్. ఎస్.ఆర్. అంటే స్తెయాగు రెనాష్తె, జెండా మళ్లీ పుడుతోంది అని. ఆ రెండక్షరాలే పాత స్తెయాగుల్ రోషుకీ మొదటి అక్షరాలు. నాకు ఆ రెండక్షరాలు ఎంత నచ్చాయో చెప్పలేను. లిగా 4లో మొదలుపెట్టి పైకి నడిచారు.

ఇక బుకారెస్ట్‌లో 2018 ఏప్రిల్‌లో ఒక నాలుగో డివిజన్ మ్యాచ్‌కి 36 వేలమందికి పైగా వచ్చారు. సైన్యం స్తెయావాకీ, దివాలా తీసి మళ్లీ మొదలైన రాపిద్ జట్టుకీ మధ్య మ్యాచ్. ఊరి మైదానం చాలదని జాతీయ స్టేడియంలో పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు ఆడినవాళ్లలో చాలామందికి అంతకుముందు అంత జనం ముందు ఆడిన అనుభవం లేదు.

ఆటగాణ్ణి సాసేజ్‌లకి అమ్మారన్నది నిజమా?

2006లో అరాద్ జిల్లాలో ఒక డిఫెండర్ని 15 కిలోల పంది సాసేజ్‌లకి ఇంకో చిన్న క్లబ్ తీసుకుందని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. ఆటగాడు ఎగతాళి భరించలేక ఆట మానేసి స్పెయిన్‌లో పొలం పనికి వెళ్లాడని కూడా అవే రాశాయి. ఈ కథ చెప్పి నవ్వేవాళ్లు ఆ రెండో సగం మర్చిపోతారు. నేను మాత్రం దాన్ని నవ్వు కోసం చెప్పను. పల్లెటూరి క్లబ్ దగ్గర డబ్బు లేదు, ఆటగాడి దగ్గర వేరే దారి లేదు.

లిగా 4 మ్యాచ్ దగ్గర ఎలా ఉంటుంది?

మైదానం చుట్టూ నడుమెత్తు ఇనుప పైపు కంచె. ఒకే వైపు నాలుగు మెట్ల సిమెంటు గ్యాలరీ, పగుళ్లలో గడ్డి. వచ్చినవాళ్లు కూర్చోరు, కంచె మీద మోచేతులు ఆనించి నిలబడతారు. చేతిలో పొద్దుతిరుగుడు గింజల పొట్లం. గింజ పంటి కింద చిట్లుతుంది, పొట్టు నేల మీదికి. మ్యాచ్ అయ్యాక వాళ్లు నిలబడ్డచోట నల్లటి పొట్టు చారలా మిగులుతుంది. ఎక్కడో పక్కన మిచ్ కాలుస్తుంటారు. మాంసం కీమాని వేలంత పొడవున చుట్టి నిప్పుల మీద కాల్చేది, ఆవాల ముద్దతో తింటారు. రిఫరీకి ఒక్కొక్క మాటా వినబడేంత దూరంలోనే అందరూ ఉంటారు.

ఇండియా నుంచి ఎలా చూడాలి? ఏ క్లబ్‌తో మొదలుపెట్టాలి?

లిగా 2, లిగా 3 మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం పొద్దున 11 గంటలకి మొదలవుతాయి. మనకి అది వేసవిలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. భోజనం చేసి కూర్చోవడానికి సరిపోతుంది. చిన్న క్లబ్‌లు తమ పేజీల్లో లైవ్ పెడుతుంటాయి, ఒకే కెమెరా ఉంటుంది, ఆట పక్కకి పోతే కెమెరా కూడా ఆలస్యంగా తిరుగుతుంది.

మొదలుపెట్టడానికైతే కోర్వినుల్ చెప్తాను. చిన్నవాళ్లు పైకొచ్చే కథ కావాలంటే ఉనిరియా స్లొబోజియా 2024లో, బుకారెస్ట్‌లోని పాత ఫ్యాక్టరీ జట్టు మెతాలొగ్లోబుస్ 2025లో మొదటిసారి లిగా 1కి చేరాయి. వాళ్ల పాత ఫలితాలు వెనక్కి తిప్పి చదవండి.

పెద్ద ఆటగాళ్లు కింది లీగ్‌లకి వస్తారా?

ఒక్కరి గురించి చెప్తాను. హెల్ముట్ డుకాడామ్. 1986 మే 7న సెవిల్‌లో బార్సిలోనా మీద యూరోపియన్ కప్ ఫైనల్లో వరుసగా 4 పెనాల్టీలు ఆపిన స్తెయావా గోల్‌కీపర్. ఆయన అరాద్ జిల్లాలోని సెమ్లక్ అనే పల్లెటూరి వాడు. ఆ ఫైనల్ అయిన కొన్ని వారాలకే కుడి చెయ్యికి రక్తనాళం జబ్బు వచ్చింది. వయసు 27. మళ్లీ ఆడతాడని ఎవరూ అనుకోలేదు.

మూడేళ్ల తర్వాత తిరిగొచ్చాడు. చేరిన క్లబ్ వాగోనుల్ అరాద్, రైలు పెట్టెలు చేసే ఫ్యాక్టరీ జట్టు. 1991 దాకా వాళ్లకి గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. తర్వాత సరిహద్దు పోలీసులో ఉద్యోగం, సొంత ఊరు సెమ్లక్‌లోనే. 2024 డిసెంబరులో చనిపోయాడు.

సెవిల్ వీడియో కోట్లమంది చూసి ఉంటారు. వాగోనుల్ మైదానంలో, గోల్ వెనక కంచెకి ఆనుకుని, ఆ చేతులతో ఆయన బంతి పట్టడం చూసినవాళ్లు అరాద్‌లో ఇంకా ఉన్నారు.